హైవే పక్క ఊళ్ళో పిల్లలు దాటాలంటే స్పీడ్ బ్రేకరా, ఫుట్ ఓవర్ బ్రిడ్జా? నన్నడిగితే రెండూ కాదు

మాష్టారూ, మీరు అడిగింది ఇదీ. చిలకలూరిపేటకీ గుంటూరుకీ మధ్య 16వ నంబర్ హైవే మీద మీ ఊరు, హైస్కూలు ఒక పక్క, కొత్త కాలనీ, స్పిన్నింగ్ మిల్లు ఇంకో పక్క. పిల్లలు సైకిళ్ళ మీద డివైడర్ గ్యాప్ దగ్గర దాటుతున్నారు, కొంతమంది చుట్టూ తిరగలేక రాంగ్ సైడ్‌లో వస్తున్నారు, మిల్లు షిఫ్ట్ వదిలినప్పుడు ఆడవాళ్ళు గుంపుగా దాటుతున్నారు, ఊళ్ళో సగంమంది స్పీడ్ బ్రేకర్ వేయించమంటే సగంమంది ఫుట్ ఓవర్ బ్రిడ్జి కావాలంటున్నారు, కలెక్టర్ గారికి ఇచ్చే అర్జీలో ఏం రాయాలి అని. నేను చాలా ఏళ్ళు రోడ్డు కన్సల్టెన్సీల్లో సేఫ్టీ ఆడిట్లు చేశాను, మీ కారిడార్ కూడా తెలుసు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, తీరిగ్గా చదవండి.

ముందు స్పీడ్ బ్రేకర్ సంగతి తేల్చేద్దాం. నేషనల్ హైవే మెయిన్ రోడ్డు మీద అది వేయరు, వేయకూడదు కూడా. 2016లో కేంద్రం హైవేల మీద అప్పటికే ఉన్నవాటిని కూడా తీసేయమంది. ఇది అధికారుల మొండితనం అనుకోకండి. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, మన రోడ్ల కొలతలు, ప్రమాణాలు రాసే సంస్థ) లెక్క ప్రకారం సరిగ్గా కట్టిన హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, అది గంటకి 25 కిలోమీటర్ల వేగానికి లెక్కేసి పెట్టిన కొలత. రాత్రిపూట 90లో వచ్చే లారీ దాన్ని చివరి నిమిషంలో చూసి బ్రేక్ కొడితే వెనకొచ్చే బస్సు దాన్ని గుద్దుతుంది, వచ్చేది బైక్ అయితే వెనక కూర్చున్న ఆడమనిషి ఎగిరి పడుతుంది. కానీ ఇదే ఐఆర్‌సీ ఇంకో మాట కూడా చెప్తుంది, ఊరి రోడ్డు వచ్చి హైవేలో కలిసే చోట, ఆ ఊరి రోడ్డు మీద హంప్ వేయొచ్చు, వేయాలి కూడా. కాబట్టి కాలనీ రోడ్డు చివర, స్కూలు రోడ్డు చివర, సర్వీస్ రోడ్డు మీద స్కూలు గేటు ముందు హంపులు అడగండి, ఊరి రోడ్ల మీదవి పంచాయతీ, ఆర్ అండ్ బీ స్థాయిలోనే అయిపోతాయి, సర్వీస్ రోడ్డుది హైవే వాళ్ళని అడగాలి. బైకుల వాళ్ళు ఊళ్ళోంచి ఆగకుండా ఒకేసారి హైవే మీదకి దూకడం దాంతో చాలావరకు ఆగుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. మీ దగ్గర రోడ్డు ఆరు లేన్లు. ఒక్క వైపే మూడు లేన్లు, ఒక్కోటి మూడున్నర మీటర్లు, పక్కన పేవ్డ్ షోల్డర్ (లేన్ల అంచున తారు వేసిన అదనపు జాగా) కలిపితే సుమారు 12 మీటర్లు. మామూలు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని డిజైన్‌లో లెక్కేస్తాం, అంటే ఒక వైపు దాటడానికే 10 సెకన్లు. నాలుగు లేన్లు, ఆ పైన ఉన్న డివైడెడ్ రోడ్డు మీద కారుకి 2018 నుంచి చట్టబద్ధంగానే గంటకి 100 కిలోమీటర్ల లిమిట్ ఉంది, ఆ 10 సెకన్లలో ఆ కారు దాదాపు 280 మీటర్లు వచ్చేస్తుంది. అంటే పిల్లాడు అడుగు వేసే టైముకి కారు 280 మీటర్ల అవతల ఉండాలి, అంత దూరంలో ఉన్న కారు 60లో వస్తోందా 110లో వస్తోందా అని ఎనిమిదో తరగతి పిల్లాడే కాదు నేను కూడా చెప్పలేను. ముసలాళ్ళు, చంకలో పిల్లాడు ఉన్నవాళ్ళు, సైకిల్ నెట్టుకుంటూ నడిచేవాళ్ళు ఇంకా ఎక్కువ టైం తీసుకుంటారు. డ్రైవర్ వైపునుంచి చూసినా అంతే, 100లో వెళ్ళే బండి ఆగడానికి డిజైన్ పుస్తకంలో ఇచ్చిన దూరం 180 మీటర్లు, అదే 50లో అయితే 60 మీటర్లు చాలు. ఇంకోటి, కారు ముందుభాగం తగిలినప్పుడు నడిచేవాడు చనిపోయే ప్రమాదం 50 నుంచి 65కి వేగం పెరిగితేనే నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన హైవేల మీద 65 అంటే నెమ్మదిగా వెళ్ళినట్టు లెక్క కదా!

దేశం మొత్తంమీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే అందులో 32,825 మంది నడిచేవాళ్ళే, కేంద్రం లెక్కే ఇది. ఇన్ని వేల మందీ అజాగ్రత్తగా ఉన్నారంటే నేను ఒప్పుకోను. కాబట్టి "పిల్లలకి అవగాహన కల్పించండి" అని ఎవరైనా మీటింగులో మొదలుపెడితే, సరే సార్ కల్పిస్తాం, ముందు ఆ 12 మీటర్ల సంగతి చెప్పండి అనండి.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎందుకు వద్దంటున్నానో చెప్తా. హైవే మీద కనీసం అయిదున్నర మీటర్ల ఖాళీ వదలాలి, పైన బీమ్ మందం కలిపితే మనిషి ఎక్కాల్సింది ఆరున్నర మీటర్ల దాకా వస్తుంది, ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లు అనుకుంటే 43 మెట్లు ఎక్కి, నడిచి, మళ్ళీ 43 దిగాలి. రాత్రి షిఫ్ట్ చేసి కాళ్ళు లాగుతున్న మిల్లు అమ్మాయి ఎక్కుతుందా? పిల్లలకి గవర్నమెంట్ ఇచ్చిన సైకిల్ భుజాన వేసుకుని ఎక్కమంటారా? మోకాళ్ళ నొప్పులున్న మామ్మ? లిఫ్ట్ పెడతాం అంటారు, పెడతారు కూడా, ఏడాది తిరక్కుండా దానికి తాళం పడుతుంది, ఎవరు నడపాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అనే దగ్గర ఆగిపోతుంది. ఊళ్ళలో కట్టిన బ్రిడ్జీలు చాలావాటి మీద ఫ్లెక్సీలు తప్ప మనుషులు కనపడరు, కింద జనం దాటుతూనే ఉంటారు. అప్పుడు ఎవరైనా చనిపోతే "బ్రిడ్జి కట్టించాం, వాడలేదు" అని ఫైల్ మూసేస్తారు, అదీ నా అసలు భయం. బ్రిడ్జి కట్టాక ఇక ఇంకోటి అడగడానికి ఉండదు.

అలాగే డివైడర్‌కి ఫెన్సింగ్ కొట్టేసి గ్యాప్ మూసేయడం. అధికారులకి ఇది చవక, వారంలో అయిపోతుంది, అందుకే ముందు ఇదే చేస్తారు. దాటే దారి ఇంకోటి చూపించకుండా మూస్తే నెల తిరక్కుండా ఎవరో ఒకరు కటింగ్ మిషన్ పెట్టి మనిషి పట్టేంత సందు చేస్తారు, లేదా కిలోమీటరున్నర అవతల యూటర్న్ దాకా పోలేక బైకులు, సైకిళ్ళు అన్నీ రాంగ్ సైడ్ ఎక్కుతాయి. మీ పిల్లలు రాంగ్ సైడ్‌లో వస్తున్నారన్నారు కదా, అది క్రమశిక్షణ సమస్య కాదు మాష్టారూ, దూరం సమస్య. సైకిల్ తొక్కేవాడికి అదనంగా మూడు కిలోమీటర్లంటే పావుగంట, బడి బెల్లు కొట్టేస్తారు. కారు వాడికి అదే రెండు నిమిషాలు. గ్యాప్ మూసేయాలని నిర్ణయం చేసేది ఎప్పుడూ కారులో వచ్చి చూసిన మనిషే.

మరి ఏం అడగాలి? జనం ఇప్పుడు ఎక్కడ దాటుతున్నారో సరిగ్గా అక్కడే అండర్‌పాస్. అందులోనూ హైవే పైకి లేవాలి, మనుషులు నేలమీదే నడిచి వెళ్ళాలి. ఈ ఒక్క ముక్క అర్జీలో స్పష్టంగా రాయండి, ఎందుకంటే ఖర్చు తగ్గించడానికి హైవేని అలాగే ఉంచి అండర్‌పాస్‌ని తవ్వి కిందకి దింపుదాం అంటారు. మీ వైపంతా నల్లరేగడి, పక్కన వాగులు, మొదటి వానకే అందులో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి, ఆ రోజునుంచి జనం మళ్ళీ పైనే దాటుతారు.

సైజు విషయంలో కూడా జాగ్రత్త. నడిచేవాళ్ళకి మాత్రమే అని చిన్న గొట్టంలాంటిది ఇస్తామంటే ఒప్పుకోకండి. ట్రాక్టర్, ఆటో, బైక్ అందులోంచి పోలేకపోతే అవి పైన గ్యాప్ అడుగుతూనే ఉంటాయి, గ్యాప్ ఉన్నంతకాలం మనుషులూ అక్కడే దాటుతారు. లైట్ వెహికిల్ అండర్‌పాస్ అని నాలుగు మీటర్ల ఎత్తుది ఉంటుంది, మామూలుగా ఊరికి అది చాలు. కానీ మీ దగ్గర మిర్చి టిక్కీలు, పత్తి బోరేలు ఎత్తుగా కట్టుకుని ట్రాక్టర్లు తిరుగుతాయి, వరికోత మిషన్లని లారీ మీద ఎక్కించుకొస్తారు, కాబట్టి ముందు రైతుల్ని కూర్చోబెట్టి అడగండి, లోడు ఎత్తు ఎంత వస్తుందో టేపు పెట్టి కొలవండి, అవసరమైతే అయిదున్నర మీటర్లది అడగాలి. ఆరు లేన్ల కింద సొరంగం 30 మీటర్ల పైన పొడుగొస్తుంది, పట్టపగలు కూడా లోపల చీకటి, ఆడపిల్లలు భయపడతారు. మధ్యలో డివైడర్ ఉన్నచోట పైన తెరిచి ఉంచితే వెలుతురు పడుతుంది, డ్రాయింగ్ దశలో అడిగితే పైసా ఖర్చు ఉండదు, కట్టేశాక అడిగితే కుదరదు.

దీనికో ఇబ్బంది ఉంది, దాచను. హైవే అంత ఎత్తు లేవాలంటే ఇటు అటు మూడొందల మీటర్ల పైనే ఏటవాలు కావాలి, అంటే ఊరి మధ్యలో పెద్ద గోడ లేస్తుంది. పక్క షాపుల వాళ్ళు, టిఫిన్ హోటళ్ళ వాళ్ళు గొడవ చేస్తారు, వాళ్ళ బాధా నిజమే, హైవే మీద పోయే బండికి వాళ్ళ కొట్టు కనపడదు. గ్రామసభలో ఈ మాట ముందే అనుకోవాలి, లేకపోతే పని శాంక్షన్ అయ్యాక కోర్టుకెళ్తారు, ఏళ్ళు పోతాయి. నాకైతే పిల్లల ప్రాణాల ముందు అది పెద్ద లెక్క కాదు, కానీ అది ఊరు చేసుకోవాల్సిన నిర్ణయం.

ఇక సైకిళ్ళు. హైవే సైకిల్ అనగానే ఈ మధ్య అందరూ హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన 2023లో వేసిన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ ట్రాక్ చూపిస్తారు. బాగుంది, కాదనను, ఆదివారం పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని వెళ్ళేవాళ్ళకి అది చక్కగా పనికొస్తుంది. మన హైవే మీద సైకిల్ తొక్కేవాడు వేరే మనిషి. పాల క్యాన్లు కట్టుకున్నాయన, కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్, మిల్లు కార్మికుడు, మీ బడి పిల్లలు. వీళ్ళకి రూఫ్ అక్కర్లేదు, తెగకుండా ఉండే సర్వీస్ రోడ్డు చాలు. ఆ తెగకుండా అనేదే మన దగ్గర లేదు. గమనించి చూడండి, సర్వీస్ రోడ్డు ఊరంతా బాగానే ఉంటుంది, వాగు మీద కల్వర్టు రాగానే ఆగిపోతుంది. మెయిన్ రోడ్డుకి వంతెన ఉంటుంది, సర్వీస్ రోడ్డుకి ఉండదు. సైకిల్ వాడు అక్కడ మెయిన్ రోడ్డు మీదకి ఎక్కాలి, సరిగ్గా అక్కడే షోల్డర్ కూడా సన్నబడుతుంది, పక్కన పిట్టగోడ, తప్పుకోవడానికి జాగా ఉండదు. ఆ ఒక్క కల్వర్టుని పక్కకి కొంచెం పొడిగించి సర్వీస్ రోడ్డు కలిపితే, అండర్‌పాస్ ఖర్చులో చిన్న వంతుతో సగం ప్రమాదం పోతుంది. నేను ఆడిట్‌కి వెళ్ళినప్పుడల్లా రాసే మొదటి పాయింట్ ఇదే, ఎందుకో ఎవరికీ ఇది పెద్ద పనిలా అనిపించదు, రిబ్బన్ కత్తిరించడానికి ఏమీ ఉండదు కదా.

రెండోది, సర్వీస్ రోడ్డు మొదలయ్యే, ముగిసే చోట్లు. హైవే మీంచి సర్వీస్ రోడ్డులోకి దిగే కారు వేగం తగ్గించకుండానే దిగుతుంది, ఎదురుగా సైకిల్. అక్కడ దిగే దారి సాఫీగా వాలుగా కాకుండా కాస్త మలుపు ఇరుగ్గా పెట్టాలి, దిగగానే హంప్ ఉండాలి. ఇక సర్వీస్ రోడ్డుని వన్‌వే చేస్తామంటే ఊరి మనుషులకి మాత్రం ఒప్పుకోకండి. సైకిళ్ళు, నడిచేవాళ్ళు రెండు వైపులా వెళ్ళేలా గీతలు, బోర్డులు పెట్టమనండి, ఎలాగూ వెళ్తారు, వెళ్ళేదేదో లెక్కలోకి తీసుకుని డిజైన్ చేయమనండి.

మూడోది మన చేతిలోదే. సీజన్‌లో వడ్లు, మొక్కజొన్న సర్వీస్ రోడ్డు మీద ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పేరుస్తారు, రాత్రిపూట ఆ రాళ్ళకి తగిలి బైకుల వాళ్ళు పడతారు, సైకిళ్ళు మెయిన్ రోడ్డెక్కుతాయి. రైతుని తిట్టి లాభం లేదు, కల్లం లేకే అక్కడ పోస్తున్నాడు, మార్కెట్ యార్డు స్థలమో, వాడని లేఅవుటో చూపించాలి. ఈలోపు కనీసం ఒక వైపు సర్వీస్ రోడ్డు ఖాళీగా ఉంచాలని ఊళ్ళో మాట అనుకోండి. షోల్డర్ మీద ఆపిన లారీలు కూడా ఇలాంటిదే, టీ కోసం ఆపుతారు, వెనక లైటు వెలగదు. టీ కొట్టు వాళ్ళతో మాట్లాడి పార్కింగ్ లోపలికి మార్పిస్తే చాలావరకు తగ్గుతుంది.

అండర్‌పాస్ అంటే టైం పడుతుంది, రేపు శాంక్షన్ అవ్వదు. ఈలోగా చేయించుకోగల చిన్న పనులు ఉన్నాయి, వీటికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, మెయింటెనెన్స్ కిందే అవుతాయి. అన్నిటికన్నా ముందు డివైడర్‌లో గన్నేరు చెట్లు. ఎదుటి బండి లైట్లు కళ్ళల్లో పడకుండా వేస్తారు, మంచిదే, కానీ దాటే చోట అవి మనిషి ఎత్తు పెరిగితే పిల్లాడు పొదలోంచి ఒక్కసారి ప్రత్యక్షమవుతాడు, డ్రైవర్‌కి ముందు కనపడడు. గ్యాప్‌కి ఇటు అటు వంద మీటర్లకి పైగా మోకాలెత్తులో కత్తిరించి ఉంచమని రాసివ్వండి, నెలనెలా గుర్తు చేయండి, మళ్ళీ పెరుగుతాయి. తర్వాత డివైడర్ మధ్యలో ఆగి నిలబడే జాగా. ఆరు లేన్లు ఒకేసారి కాకుండా మూడు దాటి ఆగి మూడు దాటడానికి, సైకిల్ అడ్డంగా పట్టేంత వెడల్పు ఉన్న తిన్నె కావాలి, చుట్టూ రిఫ్లెక్టర్లు కావాలి. లైటింగ్ కూడా అడగండి, అయితే హైమాస్ట్ (ఎత్తైన స్తంభం మీద పెద్ద లైట్ల గుత్తి) ఒకటి జంక్షన్ మధ్యలో పాతేసి చేతులు దులుపుకుంటారు, వెలుగు పడాల్సింది మనిషి నిలబడే చోట. దాటే చోటుకి కాస్త ముందు, బండి వచ్చే వైపున స్తంభం ఉంటే మనిషి మీద వెలుగు పడి డ్రైవర్‌కి స్పష్టంగా కనపడతాడు. రంబుల్ స్ట్రిప్స్, అదే ఆ దడదడలాడే అడ్డ గీతలు, దాటే చోటుకి బాగా ముందే మొదలవ్వాలి, పక్కనే వేస్తే లాభం లేదు, పైగా ఇళ్ళ ముందు వేస్తే ఆ చప్పుడుకి రాత్రంతా నిద్రుండదు, నెల తర్వాత ఊరివాళ్ళే తీసేయమంటారు.

బస్ స్టాప్ ఎక్కడుందో మీరు రాయలేదు. మామూలుగా పల్లెవెలుగు బస్సు సరిగ్గా డివైడర్ గ్యాప్ దగ్గరే మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది, దిగినవాళ్ళు బస్సు ముందునుంచే దాటుతారు, పక్క లేన్లో ఓవర్‌టేక్ చేసే కారుకి బస్సు తప్ప ఏమీ కనపడదు. జనం దాటే చోటుని దాటి ముందుకెళ్ళాక బస్సు ఆగాలి, అప్పుడు దిగినవాళ్ళు వెనక్కి నడిచి బస్సు వెనకనుంచి దాటుతారు, వచ్చే బండ్లు కనపడతాయి. సర్వీస్ రోడ్డులో బస్ బే ఉంటే ఇంకా మంచిది. డిపో మేనేజర్‌కి లెటర్, హైవే వాళ్ళకి కాపీ, ఇది త్వరగా అయ్యే పని. మిల్లు యాజమాన్యంతో కూడా మాట్లాడండి, షిఫ్ట్ వదిలే టైములో ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళని రిఫ్లెక్టివ్ జాకెట్లతో పెట్టడం వాళ్ళకి పెద్ద భారం కాదు, స్కూలు టైముకీ షిఫ్ట్ టైముకీ కలిపి పోలీసులనీ అడగొచ్చు. వైన్ షాపు అవతలి వైపు ఉంటే అది కూడా లెక్కలో రాయండి. హైవేకి 500 మీటర్ల లోపు మద్యం షాపులు వద్దని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, చిన్న ఊళ్ళకి తర్వాత 220 మీటర్లకి తగ్గించింది, చీకటి పడ్డాక దాటేవాళ్ళలో ఆ గిరాకీ ఎంతుందో మీకే తెలుసు.

ఇప్పుడు కాగితం పని, దీన్ని తేలిగ్గా తీసుకోకండి, సగం ఊళ్ళు ఇక్కడే ఓడిపోతాయి. అధికారులు మొదట అడిగేది "ఇది బ్లాక్ స్పాటేనా" అని, అంటే ప్రమాదాలు పదేపదే జరిగే చోటేనా అని. దాని లెక్క ఏంటంటే సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు అయిదు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. అంటే ముందు మనుషులు పోవాలి, తర్వాత పని. ఇంకా ఘోరం ఏంటంటే పోయినవాళ్ళు కూడా లెక్కలోకి రారు, ఎఫ్ఐఆర్‌లో "ఫలానా గ్రామ శివారున" అని రాస్తారు, ఆ శివారు మూడు కిలోమీటర్లు ఉంటుంది, అయిదు ప్రమాదాలూ ఒకేచోట జరిగాయని కాగితం మీద తేలదు. కాబట్టి ఇకమీదట ఏది జరిగినా పక్కన కిలోమీటర్ రాయి మీద ఉన్న నంబరు, దానికి ఎన్ని మీటర్ల ఇవతల అనేది ఫిర్యాదులో రాయించండి. ఇప్పుడు పోలీసులు ఐరాడ్ అనే ప్రమాదాల నమోదు యాప్‌లో లొకేషన్‌తో సహా ఎక్కిస్తున్నారు, ఎక్కించారో లేదో స్టేషన్‌లో అడగండి. పాతవాటికి సర్పంచ్ గారూ, మీరూ కూర్చుని ఊళ్ళో జ్ఞాపకమున్నవన్నీ రాసి, స్టేషన్ రికార్డుతో సరిచూసుకోండి.

చావుల లెక్క కాకుండా ఇంకో దారి కూడా ఉంది, నాకు ఇదే ఇష్టం. జనాన్ని లెక్కపెట్టండి. మీ పదో తరగతి పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టి (రోడ్డు అంచున కాదు, ఏ మేడ మీదో) పొద్దున బడి టైం, సాయంత్రం షిఫ్ట్ టైం, పావుగంటకోసారి దాటేవాళ్ళెంతమంది, బండ్లెన్ని అని మామూలు రోజు ఒకటీ సంత రోజు ఒకటీ రాయించండి. ఐఆర్‌సీలో ఒక సూత్రం ఉంది, రద్దీ గంటలో దాటేవాళ్ళ సంఖ్యని ఆ గంటలో వచ్చే బండ్ల సంఖ్య స్క్వేర్‌తో గుణించాలి, డివైడర్ ఉన్న రోడ్డుకి అది 20 కోట్లు దాటితే మనుషులు దాటడానికి ప్రత్యేక ఏర్పాటు కావాలని అర్థం. గంటకి 1500 బండ్లు, 100 మంది మనుషులు అనుకోండి, 22.5 కోట్లు వస్తుంది, అంటే వందమంది చాలు. మీ దగ్గర ఒక్క బడి పిల్లలే అంతకంటే ఎక్కువ ఉండరూ? స్పీడ్ కూడా కొలవొచ్చు, రెండు స్తంభాల మధ్య వంద మీటర్లు చూసుకుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి, 3.6 సెకన్లలో దాటితే వంద, 4.5 సెకన్లయితే 80. లెక్కల మాష్టారు కదా, పిల్లలకి ప్రాజెక్ట్ వర్కు కూడా అయిపోతుంది.

ఈ లెక్కలు, ఫోటోలు, గ్రామసభ తీర్మానం కలిపి ఎన్‌హెచ్ఏఐ (జాతీయ రహదారుల సంస్థ) ప్రాజెక్ట్ డైరెక్టర్‌కి ఇవ్వండి, కాపీ కలెక్టర్ గారికి, ఎందుకంటే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి చైర్మన్ ఆయనే. ఆ కమిటీ మీటింగ్ ఎజెండాలో మీ పాయింట్ ఎక్కేలా చూసుకోండి, మినిట్స్‌లో రాస్తే అది ఫైల్ అవుతుంది, నోటిమాటగా "చూద్దాం" అంటే ఏమీ కాదు. ఎంపీ గారి ఆఫీసులో కూడా ఒకటివ్వండి, అండర్‌పాస్‌లాంటివి చాలావరకు ఢిల్లీలో అడిగేవాడు ఉంటేనే కదులుతాయి, మనకి నచ్చినా నచ్చకపోయినా. దాంతోపాటు పది రూపాయల ఆర్‌టీఐ వేసి మూడు అడగండి, మీ కిలోమీటర్ల మధ్య చేసిన రోడ్ సేఫ్టీ ఆడిట్ రిపోర్టు, దాని మీద ఏం చర్య తీసుకున్నారో, రోడ్డు కట్టిన కంపెనీ అగ్రిమెంట్‌లో షెడ్యూల్ బీ, షెడ్యూల్ సీ. ఈ షెడ్యూళ్ళలో సర్వీస్ రోడ్డు ఎక్కడినుంచి ఎక్కడిదాకా, బస్ బేలు, నడిచేవాళ్ళ సౌకర్యాలు ఏమేం కట్టాలో ఉంటాయి. చాలాసార్లు మీరు కొత్తగా అడుగుతున్నదే అందులో ముందే రాసి ఉంటుంది, కట్టలేదంతే, అప్పుడు మీరు దయ చేయమని అడగక్కర్లేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ కూడా వచ్చింది, డిజైన్, మెయింటెనెన్స్ ప్రమాణాలు పాటించక మనిషి చనిపోతేనో అంగవైకల్యం వస్తేనో సంబంధిత సంస్థకి లక్ష రూపాయల దాకా ఫైన్. లక్ష వాళ్ళకి లెక్క కాదు, కానీ ఆడిట్ రిపోర్టులో రాసిన లోపాన్ని లెటర్ ద్వారా మీరు గుర్తుచేశారు అనే కాగితం ఉంటే సంతకం పెట్టే ఇంజనీరు జాగ్రత్తగా ఉంటాడు. చెట్లు, లైట్లు, గుంతల్లాంటి చిన్నవాటికి హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి చాలు.

ఒక సంగతి ఊళ్ళో అందరికీ చెప్పండి, గుద్ది ఆపకుండా పోయిన బండి దొరక్కపోయినా చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు 2022 ఏప్రిల్ నుంచి వస్తాయి, తహసీల్దార్ లేదా ఆర్డీవో ఆఫీసులో అడగాలి. చాలామంది పేదవాళ్ళకి ఇది తెలియక వదిలేస్తున్నారు. దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్ళని పోలీసులు సాక్షిగా ఉండమని బలవంతం చేయకూడదని కూడా చట్టంలో ఉంది.

పని శాంక్షన్ అయితే అసలు జాగ్రత్త అప్పుడు కావాలి. అండర్‌పాస్ కట్టేటప్పుడు ట్రాఫిక్ మొత్తాన్ని సర్వీస్ రోడ్ల మీదకి మళ్ళిస్తారు, అంటే మీ బడి గేటు ముందునుంచి లారీలు పోతాయి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ ఉన్న ఒక్క దారీ పోతుంది, రాత్రి గుంత ఎక్కడుందో తెలియదు. మనుషులకి వేరే దారి, గట్టి బారికేడ్, లైటు, బడి టైములో జెండా పట్టుకునే మనిషి, ఇవన్నీ ట్రాఫిక్ డైవర్షన్ ప్లాన్‌లో ఉండాలి, ఆ ప్లాన్ కాపీ పని మొదలయ్యే ముందే పంచాయతీకి ఇవ్వమనండి, ఇవ్వకుండా తవ్వడం మొదలుపెడితే ఆ రోజే ఫోటోలు తీసి కలెక్టర్ గారికి పంపండి. డ్రాయింగ్ మీ చేతికొచ్చాక ఇక్కడ పెట్టండి, డ్రైనేజీ ఎటు పోతోందో, ఎత్తు సరిపోతుందో చూసి చెప్తాను.